చీకట్లో కనపడే పచ్చ

తిరుత్తణి కొండ మెట్ల మీద ప్రమాణం, మా అమ్మ పాలు కాచే ఇత్తడి గిన్నె మీద ప్రమాణం, నా రెండు కళ్ళ మీద ప్రమాణం. ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజం. కళ్ళ మీద ప్రమాణం ఊరికే చేయలేదు. ఆ కళ్ళతో చూసిందే చెప్పబోతున్నాను కనుక, ఇది అబద్ధమైతే అవి ఉండి మాత్రం ఏం లాభం. మా వీధిలో నన్నెరిగినవాళ్ళ చేతికి ఈ కాగితాలు చిక్కితే మొదటి వాక్యం దగ్గరే నవ్వి పక్కన పెట్టేస్తారని నాకు తెలుసు. పెట్టనివ్వండి. నేను రాస్తున్నది నన్నెరగని వాళ్ళ కోసం.

చిన్నప్పటి నుంచీ ఉన్నది ఉన్నట్టు చెబితే నా నోటికి చప్పగా ఉండేది. ఊత్తుకోట సంతకు పోయి వస్తే, అక్కడ ఒక మేక బస్సెక్కి కండక్టరు వచ్చేదాకా సీటు మీద నెమ్మదిగా కూర్చుందని చెప్పేవాణ్ణి. పాండూరులో పెళ్ళికి పోయి వస్తే, సాంబారు గుండాలో వంటమనిషి జారిపడి, ఈదుకుంటూ అవతలి అంచుకు చేరి, ఎటూ వచ్చాం కదా అని రుచి చూసి ఉప్పు తక్కువైందన్నాడని చెప్పేవాణ్ణి. మా అమ్మ అంతా విని, చివర్లో ఒక్కటే అడిగేది, ఆ పెళ్ళిలో నిజంగా ఏం వడ్డించారని. మా వీధివాళ్ళు పనులాపి వినేవాళ్ళు. మా నాయన ఒక్కడే నవ్వేవాడు కాదు.

మా నాయన పట్టుకు రంగులేసే మనిషి. తిరుత్తణి దగ్గర మా నేతగాళ్ళ వీధిలో ఇంటికొక మగ్గం ఉండేది, రంగుల తొట్లు మాత్రం మా పెరట్లోనే ఉండేవి. మాది తెలుగిల్లు. బయట అరవం, గడప లోపల తెలుగు. ముడి పట్టును సబ్బునీళ్ళలో ఉడకబెట్టి జిగురు తీస్తే, గడ్డిలా గరగరలాడేది కాస్తా వెన్నలా జారేది. ఆ పట్టుపోగుల చుట్టలను, చిలపలంటాం, కర్రలకు వేసి, రాగి గంగాళంలో మరుగుతున్న రంగులోకి దించి, తిప్పుతూ, ఎత్తుతూ, మళ్ళీ దించుతూ ఉండేవాడు. మాట్లాడేవాడు కాదు. ఆయన వేసే చిలకపచ్చ అంచుకు ఎంత పేరంటే, పెళ్ళిచీర నేయించుకునేవాళ్ళు నేసేవాడి పేరు అడగకపోయినా, పచ్చ ఎవరు వేస్తున్నారని మాత్రం అడిగేవాళ్ళు. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

ఏ రంగైనా ఆయన చేతిలో మూడు పరీక్షలు గెలవాలి. నీళ్ళకు నిలబడాలి, ఎండకు నిలబడాలి, వేలికి అంటకూడదు. కొత్త రంగు వేసిన ప్రతిసారీ ఒక పోగు తీసి, సగం గుడ్డతో కప్పి, సగం ఎండకు వదిలి మిద్దె మీద కట్టేవాడు. కొన్నాళ్ళకు గుడ్డ తీసి చూస్తే రెండు సగాలూ ఒక్కలాగే ఉండాలి. లేకపోతే ఆ రంగు మా పెరట్లోకి మళ్ళీ రాదు. మనుషుల్ని కూడా ఆయన ఇట్లాగే కొలిచేవాడని నాకు అనుమానం. ఆ లెక్కన నేను ఎండకు ఏనాడో వెలిసిపోయిన సరుకు.

ఆయనకు రెండు పట్టింపులుండేవి. కొత్త రంగును మొదటిసారి వేసేటప్పుడు, చిలప దించకముందే, ఇంటి పెద్ద తన చేత్తో తొట్లో ఒక చుక్క పాలు వేయాలి. దిష్టికని కొందరంటారు, అమ్మవారికని కొందరంటారు. మా నాయన ఏమీ అనేవాడు కాదు, వేసేవాడు. రెండోది, కొత్త రంగు మూడు పరీక్షలూ గెలిస్తే, దాన్ని వేసినవాడి మణికట్టుకు ఆ రంగు పట్టుపోగు ఒకటి పెద్దవాళ్ళు కడతారు. అది దానంతటది తెగిపోయేదాకా తీయకూడదు. మా వీధిలో మగవాళ్ళ చేతులు చూస్తే చాలు, ఎవరు ఏ రంగు సాధించారో తెలిసిపోయేది. మా నాయన చేతికి పోగులు ఎప్పుడూ ఉండేవి. నా చేతికి ఒక్కటీ లేదు.

ఎందుకంటే నేను తొట్ల దగ్గర నిలబడలేదు. కాలేజీలో రసాయనశాస్త్రం చదివి, డెబ్బైలు ముగిసే రోజుల్లో తిరువళ్ళూరులో ఒక చిన్న పరిశోధనశాలలో టెక్నీషియన్‌గా చేరాను. పశువుల జబ్బులు, ముఖ్యంగా పిచ్చికుక్క జబ్బు, అక్కడ పరీక్షించేవాళ్ళు. నాయన వద్దనలేదు, మంచిదనీ అనలేదు. ఎవరైనా మీవాడేం చేస్తాడని అడిగితే మాత్రం, "వాడు తిరువళ్ళూర్లో కుక్కలాఫీసులో ఉండాడు" అనేవాడు. ఆ మాట నాకు చేపముల్లులా గుచ్చుకునేది.

ఇంకా గుచ్చుకునేది ఏమిటంటే, నేను అక్కడ చేసేది కూడా రంగుల పనే. అదే ఈ కథకు మూలం.

కుక్క నిజంగా ఆ జబ్బుతోనే చచ్చిందా లేదా అని తేల్చాలంటే దాని మెదడు నుంచి కొంచెం తీసి గాజుపలక మీద పూస్తారు. జబ్బు చేసే క్రిమి అందులో ఉన్నా మామూలు సూక్ష్మదర్శినికి దొరకదు. అయితే ఆ క్రిమిని వెతికి పట్టుకునే యాంటీబాడీ అనే పదార్థం ఒకటుంది. జబ్బును ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టేదే అది. దానికి ఒక రంగు అతికించి పలక మీద పోస్తే, పోయి క్రిమిని పట్టుకుంటుంది. మిగిలింది కడిగేసి, చీకటి గదిలో ప్రత్యేకమైన దీపం కింద పెట్టి చూస్తే, క్రిమి ఉన్నచోటల్లా పచ్చగా వెలుగుతుంది. లేకపోతే అంతా చీకటే.

ఆ రంగు నారింజ పసుపు పొడి. చిన్న సీసాలో, నల్ల కాగితం చుట్టుకుని, విదేశం నుంచి వస్తుంది. దాని అణువుకు ఒక కొసన కొక్కెం లాంటిది ఉంటుంది. ప్రోటీన్లలో అమీన్లు అనే చోట్లుంటాయి. కొంచెం సోడా కలిపిన నీళ్ళలో రెండింటినీ చల్లగా తిప్పుతూ ఉంటే కొక్కెం అమీన్‌కు తగులుకుంటుంది, ఇక కడిగినా ఊడదు. యాంటీబాడీ కూడా ప్రోటీనే, పట్టు కూడా ప్రోటీనే. పట్టురంగు నూలుకు ఎందుకు అంటదో మా నాయనకు చేతులతో తెలుసు, నాకు పుస్తకంలో తెలిసింది. మేమిద్దరం చేసే పనికి తేడా ఒకటే. ఆయన పొయ్యి మీద చేస్తాడు, నేను ఐసు మీద చేస్తాను.

ఈ సంగతి మొదటిసారి ఇంటికి పోయినప్పుడు చెప్పాను. నాయన అన్నం కలుపుతూ విన్నాడు.

"ఆ రంగు యాడ కనపడతాది?" అన్నాడు.

"చీకట్లో, నాయనా."

"ఎలుతుర్లో?"

"ఎలుతుర్లో ఊరికే పసుపుగా ఉంటాది. చీకటి గదిలో, ఒక దీపం కింద, గొట్టంలో నుంచి చూస్తేనే పచ్చ."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, మా అమ్మ వైపు తిరిగాడు. "మేక బస్సెక్కిందనినాడు, సరే అనుకుంటిమి. ఇప్పుడు చీకట్లో మాత్రమే కనపడే రంగంట. గొట్టం గూడా వాడి దగ్గరే ఉండాదంట."

మా అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. ఆ రోజే నాకు అర్థమైంది, అన్నేళ్ళు సరదాకి చెప్పిన కథలన్నీ నా ఒక్క నిజానికి అడ్డంగా నిలబడి ఉన్నాయని. ఆ పచ్చను మా నాయన కంటితో చూడాలి, చూసి అది రంగేనని నోటితో అనాలి. లేకపోతే నేను ఎంత పెద్దవాణ్ణైనా ఆయన లెక్కలో కుక్కలాఫీసు గుమాస్తానే.

మా పరిశోధనశాల పెద్ద ఒక డాక్టరమ్మ. అందరం మేడం అనేవాళ్ళం. మద్రాసు నుంచి రోజూ రైల్లో వచ్చేది. తక్కువ మాట్లాడేది, అదీ అరవంలోనే. రంగు అతికించిన యాంటీబాడీని అప్పటిదాకా బయటినుంచి తెప్పించేవాళ్ళం. దారిలో ఐసు కరిగి, అది మా దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు చచ్చిన సరుకుగానే చేరేది. మనమే తయారుచేసుకుందామని మేడం ఎంతో కాలం రాసీ రాసీ ఆ పొడి సీసా ఒకటి తెప్పించింది. మొదటిసారి తను చేసి చూపించలేదు. నువ్వు చెయ్యి, నేను పక్కన ఉంటాను అంది. నేను పెట్టిన ముఖం చూసి, సీసాలో సగమే వాడమని మాత్రం చెప్పింది.

ఆ రోజు నాయనను తీసుకురావచ్చా అని అడిగాను. రంగులు వేసేవాడని చెప్పాను. రమ్మంది.

ఆయన పొద్దున పాసింజరు రైల్లో దిగాడు. చలవచేసిన పంచె, భుజాన తువ్వాలు, మోచేతుల దాకా పోని పచ్చ మరకలు, చేతిలో మూతపెట్టిన చిన్న ఇత్తడి చెంబు. అమ్మ నాకు ఏదో పంపిందనుకున్నాను. పరిశోధనశాలలో అడుగుపెట్టగానే చెప్పులు బయట విడిచాడు. వద్దన్నా వినలేదు, రంగు కలిపే చోటికి చెప్పులతో ఎవరు పోతారని. మేడంకు దండం పెట్టాడు. మేడం కూడా పెట్టింది. బల్ల పక్కన ఒక ఎత్తు స్టూలు వేసి కూర్చోబెట్టాం.

ఆయన చూస్తుండగా పొడి తూచాను, సోడా నీళ్ళలో కరిగించాను, బీకరుకు నల్ల కాగితం చుట్టాను. చేతులు వణకలేదు, ప్రమాణం. యాంటీబాడీ పక్క గదిలో చల్లపెట్టెలో ఉంది. తేవడానికి పోయాను. మేడం కిటికీ దగ్గర ఏదో రాసుకుంటోంది.

నేను తిరిగి వచ్చేసరికి నాయన నిలబడి ఉన్నాడు. చెంబు మూత పక్కన ఉంది. బీకరు పైన కాగితం కొంచెం ఎత్తి ఉంది. ఆయన ముఖంలో ఒక పని సరిగ్గా ముగించినవాడి నెమ్మది ఉంది.

లోపలికి తొంగిచూశాను. తేటగా ఉండాల్సిన రంగు మబ్బుగా ఉంది. తెల్లటి తోక ఒకటి సుడి తిరుగుతూ అడుక్కు దిగుతోంది.

పాలు. కొడుకు మొదటిసారి కొత్త రంగు వేస్తున్నాడు, ఇంటి పెద్ద చేత్తో చుక్క పాలు పడాలి. అది ఆయన మర్చిపోతాడా. నేను గుర్తుపెట్టుకుని ముందే చెప్పి ఉండాలన్న మాట వేరు. పాలంటే ఏమిటి, ప్రోటీన్లే. ఆ ఒక్క చుక్కలో మా రంగు మొత్తానికి చాలినన్ని అమీన్లు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. యాంటీబాడీ కోసం దాచిన కొక్కేలన్నీ ఆ క్షణాన పాలకు తగులుకుంటున్నాయి.

మేడం లేచి వచ్చింది. బీకరు వైపు చూసి, ఇదెవరు వేశారని అడిగింది.

నా జీవితంలో అంత వేగంగా అబద్ధం చెప్పింది లేదు. నేనే మేడం, రంగు బాగా కరుగుతుందని ఒక పుస్తకంలో ఉంటే పోశాను అన్నాను. పుస్తకం అట్ట ఏ రంగో కూడా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

"లేదు తల్లీ," అన్నాడు నాయన అరవంలో. "వాడు లేడు ఈడ. నేనే ఏసినా. మాకాడ అట్లే ఏస్తాము." తర్వాత నా వైపు తిరిగి, తెలుగులో, గొంతు తగ్గించి, "ఏమిరా, చెడిందా?" అన్నాడు.

చెడలేదు అనబోయాను. నోరు రాలేదు. ఆయనే అర్థం చేసుకున్నాడు. మా వీధిలో ఒకరి తొట్టి ఇంకొకరు చెడగొట్టడం కంటే పెద్ద తప్పు లేదు. చెంబుకు మూత పెట్టాడు. ఆ మూత సరిగ్గా కూర్చోలేదు, రెండోసారి పెట్టాడు.

మేడం తిడుతుందనుకున్నాను. ఆమె బీకరును వెలుతురుకు ఎత్తిపట్టుకుని కాసేపు చూసింది. "పరవాయిల్లై," ఏం ఫరవాలేదు అంది. పాలకు రంగు ఎట్లా పడుతుందో చూద్దాం, అట్లాగే తిప్పుతూ ఉండు అంది. మిగిలిన సగం పొడి రేపటికి ఉంది కదా అంది. సగమే వాడమని చెప్పినప్పుడు నా మీద నమ్మకం లేదని లోపల ఉడికిపోయినవాణ్ణి, ఆ మాటకు ఆమె కాళ్ళకు మొక్కాలనిపించింది.

మధ్యాహ్నం దాన్ని కడగడానికి పెట్టాం. కడగడమంటే, నిలువుగా ఉన్న గాజుగొట్టంలో సగ్గుబియ్యం కంటే ఎంతో సన్నని గుళికలు నింపి ఉంటాయి. పైనుంచి పోస్తే, పెద్దపెద్ద ప్రోటీన్లు గుళికల సందుల్లోంచి ముందు దిగిపోతాయి. దేనికీ అతుక్కోని చిన్న రంగు గుళికల లోపల దూరి దూరి వెనకబడుతుంది. నాయన స్టూలు గొట్టం దగ్గరికి జరుపుకున్నాడు. ఒకటిగా పోసిన రంగు రెండు పట్టీలుగా విడిపోవడం మొదలైంది. ఒకటి ముందు నడుస్తోంది, ఒకటి వెనక ఈడ్చుకుంటోంది. ఆయన అట్లాగే చూస్తూ కూర్చున్నాడు, తొట్టి దగ్గర కూర్చున్నట్టే.

"ముందర పోయేది పట్టుకునింది," అన్నాడు చివరికి. "ఎనక ఉండేది పట్టనిది. అంతేనా?"

అంతే అన్నాను.

"సరే. కానీ ఇది పసుపురా. పచ్చ యాడ?"

పచ్చ రేపు అన్నాను. రేపు అనే మాట నా నోట ఆయన చాలాసార్లు విన్నాడు.

ఆ సాయంత్రం నేను అద్దెకున్న గదిలో ఇడ్లీలు తింటూ, మొదటి రైలుకే పోతానన్నాడు. ఒకరి తొట్టి చెడగొట్టి, మళ్ళీ వాళ్ళ ముందర ఎట్లా నిలబడేదన్నాడు. నువ్వు పోతే నేను చేయలేను అన్నాను. అది అబద్ధమో నిజమో నాకే తెలియదు, అన్నాను అంతే. ఆయన తువ్వాలుతో చేయి తుడుచుకుని, చెంబు తీసి నా సంచిలో పెట్టాడు. అది ఇక తన చేతిలో ఉండకూడదని.

మరునాడు ఆయన లోపలికి రాలేదు. గుమ్మం బయట చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. మిగిలిన పొడి తూచాను, కరిగించాను, చల్లని యాంటీబాడీలోకి చుక్కచుక్కగా వదిలాను. మేడం పక్కనే ఉంది కానీ చేయి పెట్టలేదు. గంటలు గడిచాయి. గొట్టంలో పోస్తే మళ్ళీ రెండు పట్టీలు. ముందు నడిచినదాన్ని పట్టుకున్నాను. పలకల మీద పోసి, ఆగి, కడిగి, ఆరబెట్టాను. అవి ఆరుతుంటే నాకు మా మిద్దె మీద కట్టిన పోగులు గుర్తొచ్చాయి.

చీకటి గదంటే పెద్దగా ఏమీ కాదు, సామాన్ల కొట్టుకు నల్ల తెర కట్టింది. బయట ఎండ ధగధగలాడుతోంది, లోపల కంటికి చేయి కనపడదు. దీపం చిన్నగా బుసకొడుతోంది. నాయనను చేయిపట్టుకుని తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టి, కన్ను ఎక్కడ పెట్టాలో చూపించాను.

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమీ లేదు," అన్నాడు.

ఇంకో కన్నుతో చూడమన్నాను. చూశాడు.

"నల్లగా ఉండాది. అంతే. ఒరే, మీ అమ్మకు ఏం చెప్పమంటావు?"

అప్పుడు చీకట్లోంచి మేడం మాట వినిపించింది. ఆమె ముందుగా పెట్టింది జబ్బు లేని కుక్క పలక. అక్కడ ఏమీ కనపడకూడదు అంది. పట్టకూడని చోట పట్టేది మంచి రంగు కాదు అంది. నాయన చీకట్లో తలాడించడం నాకు తెలిసింది. అంచు రంగు చీర ఒంట్లోకి కారితే అది పోయినట్టే అని అరవంలో మెల్లగా అన్నాడు. అవునంది మేడం. రెండో పలక పెట్టింది.

ఆయన మళ్ళీ వంగాడు.

అక్కడ ఏముంటుందో నాకు తెలుసు, అంతకుముందే నేను చూశాను. నల్లటి నలుపులో, ఆవాలు చల్లినట్టు, కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి, ఒక్కొక్కటీ తన లోపలినుంచే వెలుగుతున్నట్టు పచ్చ. చిలకపచ్చ కాదు, ఆకుపచ్చ కాదు. తొలకరికి మొలిచిన గరికను దీపం చేస్తే ఎట్లా ఉంటుందో అట్లా. నేను ఎన్ని కథలైనా చెప్పగలను కానీ ఆ పచ్చ కంటే ఎక్కువ ఏమీ కల్పించలేను. కల్పించాల్సిన అవసరం లేనిదాన్ని నేను చూసింది అదొక్కటే.

నాయన కదలలేదు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు.

"నీళ్ళకు నిలబడతాదా?"

"నిలబడతాది నాయనా. కడిగినాకే నువ్వు చూస్తా ఉండేది."

"ఎండకు?"

ఇక్కడ చెప్పాలి. నా నాలుక మీద ఒక చక్కటి అబద్ధం సిద్ధంగా ఉంది. పదేళ్ళ ఎండకు పెట్టినా పోదు, అని. ఆ ఒక్క మాటతో నేను ఆయనకు సాటి రంగువాణ్ణి అవుతాను. ఎవరు అడుగుతారు, ఎవరు పదేళ్ళు ఎండలో పెట్టి చూస్తారు. నోరు తెరిచాను కూడా. కానీ ఎండకు నిలబడని రంగును ఆయన ఎట్లా చూస్తాడో తెలిసి కూడా, ఆ చీకట్లో, ఆ పచ్చ ముందు, ఎందుకో అబద్ధం బయటికి రాలేదు.

"నిలబడదు నాయనా," అన్నాను. "ఎండ దాకా ఎందుకు, ఈ దీపానికే నిలబడదు. నువ్వు చూస్తా ఉండంగానే పోతాది."

ఆయన మళ్ళీ వంగి, ఒకే చోట కన్ను పెట్టి చూస్తూ ఉండిపోయాడు. నిజంగానే ఆ వెలుగు దీపం కింద ఎంతోసేపు ఉండదు. ముందు మసకబారుతుంది, తర్వాత నీరసపడుతుంది, ఆపైన ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆయన తొట్లలో ఇట్లాంటి రంగు పుట్టి ఉంటే ఆ రోజే మురుక్కాలవలో పోసేవాడు.

"అవును," అన్నాడు. "పోతా ఉండాది."

ఇంక అయిపోయింది అనుకున్నాను.

ఆయన స్టూలు దిగాడు. చీకట్లో నా భుజం వెతుక్కుని చేయి వేశాడు.

"పోదని చెప్పింటే, ఇది గూడా నీ మేక కతే అనుకునింటాను," అన్నాడు. "పోతాదంటివి. రంగేరా. నువ్వేసింది రంగే."

నేను ఇప్పటికి చాలా చోట్ల పనిచేశాను, చాలామందితో శభాష్ అనిపించుకున్నాను. ఆ మాటలన్నీ తక్కెడలో ఒకవైపు వేసి, రెండోవైపు ఆ చీకట్లో విన్న 'రంగే' వేస్తే, ఈ వైపు నేలకు తగిలి శబ్దం వస్తుంది.

తర్వాత ఆయన బయటికి వచ్చి, తువ్వాలు కొసలో ముడివేసి తెచ్చిన తెల్ల పట్టుపోగు తీసి, మిగిలిన రంగునీళ్ళలో ముంచమన్నాడు. ముంచి, కడిగి ఇచ్చాను. నా కుడి మణికట్టుకు కట్టాడు. ఎండలో అది ఊరికే లేత పసుపు పోగు. నల్ల తెర వెనక్కి పోయి దీపం కింద చేయి పెడితే పచ్చగా వెలిగింది. అది తెగిపోయేదాకా నేను తీయలేదు.

ఆ సాయంత్రం ఆయనను తిరుత్తణిలో దింపడానికి నేనూ రైలెక్కాను. ఎదురుగా తమలపాకుల బుట్టతో ఒక పెద్దాయన కూర్చున్నాడు. తెలుగాయనే. మాటల్లో, మీవాడు ఏం చేస్తాడని అడిగాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. కుక్కలాఫీసు అనే మాట వస్తుందని వీపు బిగపట్టుకున్నాను.

"మావాడు రంగులేస్తాడు," అన్నాడు నాయన. "నాలాగ గుడ్డకు గాదు, జబ్బుకే ఏస్తాడు. యాడ జబ్బు ఉంటే ఆడ పచ్చ. లేకుంటే ల్యా."

తమలపాకులాయన ఆశ్చర్యపోయి, ఆ పచ్చ ఎట్లా ఉంటుందని అడిగాడు.

మా నాయన కాసేపు ఆలోచించాడు. పెట్టె మొత్తం వినేటట్టు గొంతు సవరించుకున్నాడు.

"ఎట్లుంటాదంటే," అన్నాడు, "ఆ గదిలో దీపం లేకుండానే పేపరు చదవచ్చు."

నేను తిరిగి ఆయన ముఖం చూశాను. ఆయన నా వైపు చూడలేదు. జీవితమంతా ఉన్నదాని మీద గోరంత కలపని మనిషి, కూర్చున్నచోట కూర్చునే ఎంత కలిపాడో చూడండి. సరిదిద్దుదామని నోరు తెరిచాను. ఆవాల్లాంటి చుక్కలండీ, గొట్టంలోంచి చూస్తేనే, అని. మళ్ళీ మూసుకున్నాను. ఇది ఎవరి దగ్గర్నుంచి వచ్చిన గుణమో నాకు అప్పుడు తెలిసింది. అరక్కోణం దాటేసరికి పెట్టెలో సగంమంది మా సీట్ల దగ్గరే ఉన్నారు.

మొదట ప్రమాణం చేశాను కనుక చివర ఒప్పుకోవాలి. ఇందులో ఒక్కటి నేను కల్పించాను. దారం. మా వీధిలో పోగు కట్టే ఆచారమే లేదు. మగవాళ్ళ మణికట్లకు గడియారాలున్నవాళ్ళకు గడియారాలు, లేనివాళ్ళకు ఏమీ లేదు. పట్టుకు ఆ రంగు పడుతుందన్నది నిజం, తర్వాతెప్పుడో నేనే ముంచి చూశాను. కానీ ఆ రోజు నాయన ఏ పోగూ తేలేదు, కట్టలేదు. ఆయన చేసింది ఏమిటంటే, చీకటి గదిలో స్టూలు దిగాక, తన కన్ను ఆనించిన చోటును తువ్వాలు కొసతో మెల్లగా తుడిచి, నాకు దారి ఇచ్చాడు. పని ముగిసినప్పుడు తన గంగాళం అంచును ఆయన అట్లాగే తుడిచేవాడు, వేరే ఏ వస్తువునూ తుడవగా చూడలేదు. అది ఇంకొకరికి ఎట్లా చూపించను. నా చేతికి ఏమీ లేకపోతే ఎవరు నమ్ముతారు. అందుకని ఒక దారం కట్టుకున్నాను.

పాలు నిజం, పచ్చ నిజం, అది మా కళ్ళ ముందే వెలిసిపోవడం నిజం. దీపం లేకుండా పేపరు చదవచ్చన్నది మాత్రం మా నాయన మాట. దాన్ని నా లెక్కలో వేయకండి.